పెరగని అల్సేషియన్

1979 జూన్ మొదటి వారంలో నన్ను హైదరాబాదు పాతబస్తీలోని ఒక ప్రభుత్వ పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. మా శాఖలో డిగ్రీ చదివి వచ్చిన డాక్టరుకు దక్కే మొదటి హోదా అది. అంతకు ముందు రెండేళ్ళు నల్గొండ జిల్లాలో బర్రెలకు, గొర్రెలకు టీకాలు వేస్తూ తిరిగాను. పశువుల డాక్టరంటే మగమనిషే అనుకునే రోజులవి. నేను చార్జి తీసుకున్న రోజున ఒక టాంగావాలా గుర్రాన్ని గేటు బయట కట్టేసి, లోపలికి వచ్చి, నన్ను చూసి, డాక్టరుగారు ఎప్పుడొస్తారని నన్నే అడిగాడు.

రెండు గదులు, ఒక వరండా, పెరట్లో పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం. ఇదీ నా దవాఖాన. కాంపౌండర్ ఖాదర్ సాబ్ ఇరవై ఏళ్ళుగా అక్కడే పనిచేస్తున్నారు. చెయ్యి పెట్టి చూస్తే గుర్రం జ్వరం చెప్పగలరు. మా దగ్గరికి ఎక్కువగా బర్రెలు, టాంగా గుర్రాలు, మేకలు వచ్చేవి. కుక్కలు రావడం అప్పుడప్పుడే పెరుగుతోంది. సంతోష్‌నగర్ వైపు కొత్త ఇళ్ళు లేచాయి. ఫ్యాక్టరీ ఉద్యోగస్తులు గేటు ముందర అల్సేషియన్ ఉండాలని ముచ్చటపడుతున్నారు. పిల్ల ఎక్కడ దొరుకుతుందన్నది నోటిమాట మీదే నడిచేది. తల్లీ తండ్రీ ఎవరని ఎవరూ అడిగేవారు కాదు, కాగితాలు అసలే లేవు.

ఆగస్టులో ఒక ఉదయం వరండాలో లొల్లి మొదలైంది. ఓపీ రిజిస్టరు ముందు కూర్చున్న నేను తలెత్తేసరికి పదిమందికి పైగా లోపలికి వచ్చేశారు. ముందర హుస్సేనీ ఆలంలో ఉండే రంగారావు, ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ గుమాస్తా. ఆయన చేతిసంచిలోంచి ఒక చిన్న మొహం బయటికి చూస్తోంది. వెనక పురానాపూల్ బాలరాజు, సర్కారు ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద పనిచేసే టర్నర్. ఆయన పట్టుకున్న గొలుసు చివర ఒక బ్రహ్మాండమైన అల్సేషియన్ మగకుక్క ఉంది. దాని పేరు టైగర్. తక్కినవాళ్ళు దారిలో తమాషా చూడటానికి జతకూడినవాళ్ళు.

రంగారావు సంచిలోంచి పిల్లను తీసి నా బల్ల మీద పెట్టారు. గోధుమరంగు ఊలు బంతిలా ఉంది. నక్క మొహం, పెద్ద చెవులు.

"మేడమ్, గీన నాకు అల్సేషియన్ అని చెప్పి ఇచ్చిండు. పది నెలలాయె. మా గల్లీల పిల్లి గూడ దీనికంటే పెద్దగున్నది. గిది పామేరియన్ క్రాస్ అని మీరొక సర్టిఫికెట్ రాసియ్యుండ్రి, సాలు. తర్వాత సంగతి నేను పోలీస్ స్టేషన్ల చూసుకుంట."

"నేను గట్లాంటోణ్ణి కాదు డాక్టరమ్మా," అన్నాడు బాలరాజు. "తల్లి అల్సేషియన్, తండ్రి గీ టైగరే. నా కండ్ల ముంగట పుట్టిన పిల్ల."

జాతిని ధ్రువీకరిస్తూ సర్టిఫికెట్ ఇచ్చే అధికారం నాకు లేదు. గాయానికి, రోగానికి, చావుకు మాత్రమే రాసివ్వగలను. ఆ మాట చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ బయట బర్రెలు వరసలో ఉన్నాయి, వరండాలో జనం అరుస్తున్నారు. నేను పిల్లను ఒక్కసారి చూసి, "క్రాస్ లాగే ఉంది, తర్వాత చూద్దాం" అనేశాను.

అంతే. రంగారావు సంచి భుజాన వేసుకుని గెలిచినవాడిలా వెళ్ళిపోయారు. జనమంతా వెళ్ళాక బాలరాజు టైగర్‌ను తీసుకుని వెళ్ళాడు.

మర్నాడు నేను వచ్చేసరికి బాలరాజు గేటు దగ్గర ఉన్నాడు. ఫ్యాక్టరీ యూనిఫాంలోనే ఉన్నాడు, షిఫ్టుకు వెళ్ళలేదు.

"ఎనిమిదేండ్ల సంది కుక్కలు సాదుతున్న డాక్టరమ్మా. నా పేరు మీద ఒక్క మాట రాలే. నిన్న చాయ్ హోటల్ల కూసుంటే, 'ఏం బాలరాజన్నా, పామేరియన్లు గూడ పెట్టినవా' అని నవ్విన్రు. డాక్టరమ్మనే చెప్పిందట అని ఒకడు. మా ఫ్యాక్టరీల గేజ్ పెట్టి కొల్వకుండ ముక్క పాస్ చెయ్యరు, ఫెయిల్ చెయ్యరు. మీరు చెయ్యి గూడ పెట్టకుండ అంటిరి. ఒక్కపారి మంచిగ చూడుండ్రి. గప్పుడు క్రాసే అంటే నేనే ఒప్పుకుంట."

ఆయన చెప్పింది నిజమే. ఆ రోజే రంగారావు ఇంటికి కబురు పంపాను. మధ్యాహ్నం ఆయన భార్య సుశీలమ్మ పిల్లను కొంగులో పెట్టుకుని వచ్చారు. పిల్ల పేరు చిన్నూ అట. ఈసారి బల్ల చుట్టూ ఎవరూ లేరు. నేను తల నుంచి తోక దాకా చూడటం మొదలుపెట్టాను.

చూస్తున్న కొద్దీ నాలో హుషారు పుట్టుకొచ్చింది. మొదట అనుమానించింది పురుగులు. మలం పరీక్షలో ఏమీ లేదు. తరువాత తిండి. సుశీలమ్మ పాలు, గుడ్లు, ఎముకల సూపు లెక్క తప్పకుండా పెడుతున్నారు. రికెట్స్ అయితే కాళ్ళు వంగాలి, కీళ్ళు ఉబ్బాలి. చిన్నూ కాళ్ళు చక్కగా, తిన్నగా ఉన్నాయి. ఒళ్ళంతా సరైన కొలతలే, అన్నీ చిన్నవి. నోరు తెరిచి చూస్తే పది నెలల కుక్కకు ఇంకా పాలపళ్ళు! అవి నాలుగైదు నెలలకే ఊడటం మొదలై, ఏడో నెలకల్లా అన్నీ మారిపోవాలి. వెంట్రుకలు చూస్తే అంతా పసిపిల్లల మెత్తటి ఊలే. పెద్దకుక్కకు పైన మొలిచే గరుకు బొచ్చు ఒక్క వెంట్రుక కూడా లేదు. మెడ దగ్గర, తొడల వెనక ఆ ఊలు రాలిపోయి చర్మం నల్లబడుతోంది. మొరిగితే సన్నటి కీచుగొంతు.

ఖాదర్ సాబ్ చిన్నూను ఎత్తుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇస్కీ ఉమర్ రుక్ గయీ, మేడమ్," అన్నారు నెమ్మదిగా. దీని వయసు ఆగిపోయిందని.

ఆ మాట నాకు దారి చూపించింది. వయసు ఆగిందో లేదో ఎముక చెబుతుంది. పెరిగే జంతువుల ఎముకల చివర్లలో మెత్తటి పొర ఒకటి ఉంటుంది. ఎక్స్‌రేలో అది నల్లటి గీతలా కనిపిస్తుంది. ఎదుగుదల పూర్తవుతుంటే ఆ గీత సన్నబడి మూసుకుపోతుంది. అయితే ఒక్క ఫిల్ము చూసి ఏమీ అనకూడదని అప్పటికే నేర్చుకున్నాను. పక్కన పెట్టి పోల్చడానికి అదే ఈతలో పుట్టిన మరో కుక్క కావాలి.

బాలరాజును అడిగితే వెంటనే చెప్పాడు. ఆ రోజుల్లో మగకుక్కను జతకు ఇచ్చినందుకు ఈతలో ఒక పిల్లను దాని యజమానికి ఇచ్చేవారు. చిన్నూ అలా ఆయన వాటాకు వచ్చి, రంగారావు ఇంటికి చేరింది. తల్లి లిల్లీ సంతోష్‌నగర్‌లో గ్రేసమ్మ ఇంట్లో ఉంది. గ్రేసమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆ ఈతలోని ఒక మగపిల్లను ఆమె ఉంచుకున్నారు. దాని పేరు బ్రూనో.

నేను మూసీ అవతలి పెద్ద పశువుల ఆసుపత్రికి ఎక్స్‌రే కోసం రిఫరల్ చీటీ రాశాను. రెండు రోజుల తరువాత ఒకే ఆటోలో బ్రూనో, చిన్నూ, గ్రేసమ్మ, సుశీలమ్మ. నా స్కూటరు వెనక ఖాదర్ సాబ్. పురానాపూల్ మీద జనం ఆగి చూశారు. బ్రూనో తల ఆటోలోంచి బయటికి వచ్చి గాలికి నాలుక వేలాడేస్తోంది. దాని కాళ్ళ మధ్య చిన్నూ. రెండూ ఒక తల్లి పిల్లలే, ఒకే రోజున పుట్టాయి.

డార్క్‌రూములోంచి ఫిల్ములు బయటికి వచ్చాయి. నీళ్ళు కారుతుండగానే నేను వాటిని కిటికీకి పట్టాను. బ్రూనో మణికట్టు దగ్గరి గీతలు దాదాపు మూసుకుపోయాయి. చిన్నూ గీతలు బార్లా తెరుచుకుని, మూడు నెలల పిల్లవి ఎలా ఉంటాయో అలా ఉన్నాయి! నేను పెద్దగానే అరిచి ఉంటాను, పక్క గదిలోంచి రేడియోగ్రాఫర్ పరుగున వచ్చాడు. క్రాస్ కుక్క చిన్నదైనా దాని వయసుకు దాని ఎముకలు మూసుకోవాలి. ఇది చిన్న జాతి కుక్క కాదు. పెరగడం ఆగిపోయిన పెద్ద జాతి కుక్క.

ఆ శనివారం సగం రోజు సెలవు పెట్టి రాజేంద్రనగర్‌లోని మా కాలేజీ లైబ్రరీకి వెళ్ళాను. పాఠ్యపుస్తకాల్లో రెండు లైన్లకు మించి లేదు. విదేశీ పత్రికల బైండు సంపుటాలు ఒక్కొక్కటే దింపుకుంటూ కూర్చున్నాను. మూడో గంటలో ఒక పేజీ తిప్పాను. అక్కడ చిన్నూ ఫొటో ఉంది. నిజానికి అది వేరే దేశంలోని వేరే కుక్క. కానీ అదే నక్క మొహం, అదే ఊలు, అదే ఊలు రాలిన మెడ. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. లైబ్రేరియన్ కళ్ళద్దాల మీంచి చూశాడు. మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఎదగకపోవడం వల్ల వచ్చే మరుగుజ్జుతనమట అది. అల్సేషియన్లలో వంశపారంపర్యంగా వస్తుందని రాశారు.

అంటే చిన్నూ అచ్చమైన అల్సేషియన్. బాలరాజు చెప్పింది నిజం.

ఆ సంబరంలో కింది పేరా చదివాను. ఈ లోపం తండ్రి ఒక్కడి నుంచే వస్తే పిల్లలో బయటపడదు. తల్లి ఒక్కదాని నుంచి వచ్చినా పడదు. పైకి ఆరోగ్యంగా కనిపించే తల్లీ తండ్రీ ఇద్దరూ దాన్ని దాచుకుని మోస్తూ ఉండాలి. ఇద్దరి దగ్గరి నుంచీ అందినప్పుడే పిల్ల పెరగదు. ఇంత అరుదైనది రెండు వైపుల నుంచీ ఎలా వచ్చింది?

ఆదివారం పొద్దున్నే గ్రేసమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె టీ పెడుతూ చెబుతుంటే నేను మందులు తెప్పించే పాత ఇండెంటు కాగితం వెనక గీతలు గీసుకుంటున్నాను. ఆ ఈతలో ఆరు పిల్లలు. నాలుగు బాగా పెరిగాయి. చిన్నూ ఒకటి. ఆరోదాన్ని పక్క వీధి టీచరు తీసుకెళ్ళారు.

"గది గూడ గిట్లనే ఉండె మేడమ్. బొమ్మ లెక్క మస్తు ముద్దుగుండె. నాలుగో నెలల సచ్చిపోయింది. పాలు సరిపోలేదేమో అనుకున్న."

రెండు! నా పెన్సిల్ ఆగలేదు. లిల్లీ తల్లి ఎవరని అడిగాను.

"మిలిటరీ ఆఫీసర్ల క్వార్టర్స్‌ల ఉండెనట. వాళ్ళు ట్రాన్స్‌ఫర్ అయి పోయిన్రు."

"తండ్రి?"

"టైగరే గద మేడమ్. బాలరాజన్న వాటాకు వచ్చిన పిల్లనే లిల్లీ. వాళ్ళ ఆమె ఆసుపత్రిల పడ్డప్పుడు నేను మంచిగ చూసుకున్ననని నాకిచ్చిండు."

కాగితం మీద గీత తిరిగి టైగర్ దగ్గరికే వచ్చింది. చిన్నూకు తండ్రీ అదే, తాతా అదే. టైగర్ దాచుకున్న లోపం కూతురికి అందింది. ఆ కూతురిని మళ్ళీ తండ్రికే కలపడంతో పిల్లలకు రెండు వైపుల నుంచీ చేరింది. అయిదారు రోజులుగా ముక్కలు ముక్కలుగా ఉన్నదంతా ఒక్కసారిగా అతుక్కుంది. నా ఉద్యోగంలో అంతటి ఉత్సాహం మళ్ళీ కొద్దిసార్లే చూశాను.

అప్పుడు గ్రేసమ్మ ఇంకో మాట అన్నారు. లిల్లీ మళ్ళీ ఎదకు వచ్చిందట. వచ్చే ఆదివారం టైగర్‌ను తీసుకొస్తానని బాలరాజు చెప్పాడట. నలుగురు అప్పుడే పిల్లలు కావాలని అడిగి పెట్టుకున్నారట. నేను చెప్పేదాకా ఆగమన్నాను.

సోమవారం బాలరాజును పిలిపించాను. ముందుగా ఎక్స్‌రేలు చూపించాను. చిన్నూ అసలైన అల్సేషియనేనని, నాదే తప్పని చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. కుర్చీలోంచి లేచి ఖాదర్ సాబ్ భుజాలు పట్టుకుని ఊపేశాడు. "చూసిన్రా సాబ్! నేను చెప్పలే? ఖాలిస్ మాల్!" కల్తీలేని సరుకని.

తరువాత నేను కాగితం తిప్పి గీతలు చూపించాను. ఆయన వేలితో గీతల వెంట పోయి టైగర్ పేరు దగ్గర ఆగాడు.

"మంచి రక్తం ఇంట్లనే ఉండాలని చేసిన," అన్నాడు. "బయట దానితోని కలిపితే కల్తీ అయితది గద. ఎనుకటి సంది గట్లనే చేస్తరు. కుక్కలకు వావివరసలేంది డాక్టరమ్మా?"

"వరసల మాట కాదు అన్నా. దాగిన రోగం రెండు దిక్కులనుంచి కలుస్తది. ఆరింటిలో రెండిట్ల బయటపడ్డది. ఆదివారం మళ్ళీ కలిపితే మళ్ళీ పడొచ్చు."

"గా నలుగురికి నేను మాటిచ్చిన."

ఆ వెంటనే అడిగాడు. "అందరి ముంగట ఏం చెప్తరు?"

ఎంతమంది ముందర తప్పు మాట అన్నానో అంతమంది ముందరే సరిదిద్దుకుంటానని, శనివారం ఉదయం రంగారావునూ ఆ రోజు వచ్చినవాళ్ళనూ పిలిచానని చెప్పాను.

"అసలు అల్సేషియనే అని చెప్పుండ్రి. గంతే సాలు. గీ రెండోది మన మధ్యల ఉండనియ్యుండ్రి."

అలా కుదరదన్నాను. పిల్ల ఎందుకు పెరగలేదని రంగారావు అడుగుతారు. తక్కిన నాలుగు కుక్కల యజమానులకు కూడా తెలియాలి, అవీ రేపు పిల్లల్ని కంటాయి. బాలరాజు లేచాడు. "గట్లయితే క్రాస్ అన్న పేరే నయముండె," అని బయటికి నడిచాడు.

శనివారం దాకా ఆయన జాడ లేదు. ఖాదర్ సాబ్ వచ్చేపోయేవాళ్ళను అడుగుతూనే ఉన్నారు. నాకు రెండు భయాలు. ఆయన రాడని ఒకటి, వచ్చి గొడవ చేస్తాడని రెండోది. ప్రభుత్వ డాక్టరు నలుగురిలో నిలబడి తప్పు ఒప్పుకోవడం కూడా అలవాటు లేని పని. పై అధికారికి తెలిస్తే ఏమంటారోనన్న ఫికర్ వేరే. ఖాదర్ సాబ్ ఒక్కటే అన్నారు. "గల్తీ హో గయీ బోల్ దేవ్ మేడమ్. ఇజ్జత్ కమ్ నై హోతీ." తప్పయిందని చెప్పెయ్యండి, పరువేం తగ్గదని.

శనివారం వరండా నిండింది. రంగారావు, సుశీలమ్మ, చిన్నూ, గ్రేసమ్మ, చాయ్ హోటల్ జనం. బాలరాజు చివరన వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు. టైగర్‌ను తేలేదు.

నేను లేచి, ఆ రోజు పరీక్ష చేయకుండా మాట్లాడానని, ఆ మాట తప్పని, చిన్నూ అచ్చమైన అల్సేషియన్ పిల్లేనని, బాలరాజు ఎవరినీ మోసం చేయలేదని చెప్పాను. వెనకనుంచి ఎవరో ఈల వేశారు. ఎక్స్‌రే ఫిల్ములు చేతులు మారాయి. రంగారావు వాటిని ఎండకు పట్టి చూసి, "మరి ఎందుకు పెరగలే?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపు బాలరాజు ముందుకు వచ్చాడు.

"గది నేను చెప్త. తప్పు నాదే రంగారావు సారూ. చిన్నూ తల్లి లిల్లీ టైగర్ బిడ్డనే. తండ్రికి బిడ్డను కలిపిన. రక్తం పక్కకు పోవద్దన్న ఆశతోని చేసిన. దాంతోని రోగం బయటవడ్డది. మోసం చెయ్యలే గని, తెల్వక చేసిన. నీ పిల్ల నాకిచ్చెయ్, మంచి పిల్లను ఎక్కడున్నా తెచ్చిస్త."

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, హోదా గుర్తొచ్చి ఆగాను. రంగారావు ఏదో అనబోయారు. సుశీలమ్మ ముందే చిన్నూను కొంగులోకి లాక్కున్నారు.

"ఇచ్చేది లేదు. గిది మా ఇంటి పిల్ల. పెరగకుంటే పాయె."

రంగారావు తన భార్య మొహం చూశారు, తరువాత బాలరాజు మొహం చూశారు. "పోలీసుల ముచ్చట ఇగ వద్దులే," అన్నారు. ఖాదర్ సాబ్ చాయ్‌లు తెప్పించారు.

తరువాతి పని శాఖకు సంబంధించినంతవరకు చిన్నదే. లిల్లీకి ఇక పిల్లలు వద్దని గ్రేసమ్మ అడిగితే, ఎద తగ్గాక నేనే గర్భసంచి తీసే ఆపరేషన్ చేశాను. ఆడకుక్కకు అది చేయడం నాకు మూడోసారి, మూడు గంటలు పట్టింది. టైగర్‌ను బాలరాజు ఇక దేనికీ కలపలేదు. అడిగి పెట్టుకున్న నలుగురి ఇళ్ళకూ వెళ్ళి పిల్లలు రావని చెప్పాడు. బ్రూనోతో సహా తక్కిన నాలుగు కుక్కల యజమానులకు నేను రాసిచ్చిన చీటీలు సైకిల్ మీద తిరిగి అందించాడు. మూడు అందాయి. నాలుగో ఆయన కాంట్రాక్టరు, ఇల్లు మారిపోయాడు. ఆ కుక్క ఏమైందో, ఎన్ని ఈతలు ఈనిందో ఈనాటికీ తెలియదు. చిన్నూకు కావలసిన హార్మోను ఆ రోజుల్లో మన ఊళ్ళో దొరికేది కాదు. థైరాయిడ్ మాత్రలు, చర్మానికి నూనె, చలికాలంలో సుశీలమ్మ కుట్టిన చొక్కా. అలా ఇంకో మూడేళ్ళు బతికింది.

రెండేళ్ళ తరువాత బాలరాజు సంబంధంలేని వంశం నుంచి ఒక ఆడ కుక్కపిల్లను సికిందరాబాదు నుంచి తెచ్చుకున్నాడు. ఈసారి జత కలిపే ముందే నోట్‌బుక్కు పట్టుకుని వచ్చాడు. మగకుక్క తల్లీ తండ్రీ, వాళ్ళ తల్లీ తండ్రీ ఎవరో అందులో రాసి ఉంది. ఆడదానికి రెండేళ్ళు నిండేదాకా ఆగాడు. పిల్లలు పుట్టాక, అడిగినవాళ్ళ ఇంటికి ముందు తానే వెళ్ళి చూసొచ్చేవాడు. "పొద్దుగాల దీన్ని ఎవరు తిప్పుతరు? పగలంతా గొలుసేనా?" అని అడిగేవాడట. జవాబు నచ్చకపోతే ఇచ్చేవాడు కాదు. సాకలేమనుకుంటే ఎప్పుడైనా తనకే తిరిగి ఇవ్వాలన్నది ఆయన షరతు. అతి చేస్తున్నాడని కొందరు నవ్వారు. ఆ ఈతలో ఏడూ నిండుగా పెరిగాయి. నేనే టీకాలు వేశాను.

ఆ సంఘటన నాకు రెండు విషయాలు నేర్పింది. బల్ల మీద ఉన్న జంతువును ముట్టుకోకుండా దాని గురించి నోరు తెరవకూడదు, ఎంతమంది వేచి ఉన్నా సరే. కుక్క ఆరోగ్యం అది పుట్టిన రోజున మొదలు కాదు, దాని తల్లినీ తండ్రినీ ఎంచుకున్న మనిషి దగ్గర మొదలవుతుంది. పదవీ విరమణ దాకా నా దగ్గరికి వచ్చిన ప్రతి జాతి కుక్క విషయంలోనూ రోగం కంటే ముందు తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని అడిగాను. చాలామందికి తెలిసేది కాదు. తెలుసుకుని రమ్మని పంపేదాన్ని.